విసుర్రాయి రెండో సగం

ముందు వాసన వచ్చింది. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటి పెబ్బేరు వైపు వస్తున్నాం. పోయిన సోమవారం, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అద్దాలన్నీ బిగించి ఉన్న కారులోకి తడిసిన వరిగడ్డి వాసన వచ్చింది. కంటికి ఏమీ కనబడకముందే నాకు ప్రమాదం తెలిసింది ఆ వాసనతోనే. నది మీది నుంచి లేచిన మంచు రోడ్డునంతా కప్పేసింది. కారు లైట్ల వెలుగు ముందుకు పోకుండా, సున్నం కొట్టిన గోడకు తగిలినట్టు నా మొహం మీదికే తిరిగి వస్తోంది. అయినా అరవై మీద పోతున్నాను. వెనక ఒక లారీ దగ్గరగా వస్తోంది, నెమ్మదిస్తే మా మీదికి ఎక్కుతుందని భయం. హైవే నడిమధ్యన గడ్డి వాసన ఎందుకు వస్తుంది అని అనుకున్నానో లేదో, కాలు బ్రేకు మీద పడింది. అప్పుడు కనబడింది. రెండు నిలువుల ఎత్తున గడ్డి వేసుకున్న ట్రాక్టర్, దీపం లేకుండా, ఎడమ వరసనంతా ఆక్రమించి నిలబడి ఉంది. దాని వెనక రెండు రాళ్లు, ఒక తంగేడు కొమ్మ. మా కారు ఆ కొమ్మను తాకి ఆగింది. వెనక లారీ పెద్ద హారన్ కొట్టుకుంటూ మా కుడిపక్క నుంచి దూసుకుపోయింది. కారు మొత్తం ఊగింది.

వెనక సీట్లో నా తొమ్మిదేళ్ల కూతురు మైత్రి లేచి కూర్చుని, ఎందుకు ఆపినవని అడిగింది. ఆరేళ్ల బుజ్జి నిద్రలోనే ఉన్నాడు. గడ్డి బండి ఉందమ్మా అని మాత్రం చెప్పి, చిన్నగా పక్కకు తీసి ముందుకు పోయాను. దారంతా నన్ను పట్టుకున్నది ఆ లారీ కాదు, ట్రాక్టర్ కూడా కాదు. ఆ రెండు రాళ్లు. టైరు బాగు చేసుకుని ట్రాక్టర్ వెళ్లిపోతుంది. రాళ్లు అక్కడే ఉంటాయి. వాటిని ఎవరూ తీయరు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసిన వాళ్లు ఎవరూ ఉండరు.

మా ఆయన ఉద్యోగం గద్వాలలో. నా ఉద్యోగం, పిల్లల బడి నాగర్‌కర్నూలులో. శనివారం మధ్యాహ్నం బడి అయిపోగానే గద్వాలకు పోతాం, సోమవారం పొద్దున తిరిగి వస్తాం. ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కి, టోల్ గేటు దాటి, భూత్పూరు దగ్గర దిగి కుడికి తిరగడం, రెండేళ్లుగా ఇదే బాట. గద్వాల నుంచి ఇంకో బాట కూడా ఉంది. జూరాల ఆనకట్ట మీదుగా ఆత్మకూరు, మదనాపురం, కొత్తకోట దగ్గర హైవేను అడ్డంగా దాటి వనపర్తి, గోపాల్‌పేట, నాగర్‌కర్నూలు. చిన్న రోడ్డు, ఊరూరా మలుపులు, ఎడ్లబండ్లు, గొర్ల మందలు. ఈ చలికాలం అయ్యేదాకా ఆ బాటనే వస్తానని ఫోనులో మా ఆయనకు చెప్పాను. నాలుగు వరసల రోడ్డు వదిలి పల్లె బాటలు పడతానంటే ఎవరికైనా పిచ్చి అనిపిస్తుంది. ఆయనకూ అనిపించింది. నడుమ గోడ లేని రోడ్డు మీద ఎదురుగా బండ్లు వస్తాయి, అది మరీ ప్రమాదం అన్నాడు. ఎదురుగా వస్తాయనే పోతానంటున్నా అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే ఖాదర్ మామ జీపు ఎక్కి ఉండాలి.

మా ఊరు జూరాల దాటినాక, ఆత్మకూరుకు పోయే రోడ్డును ఆనుకునే ఉంటుంది. నా చిన్నప్పుడు ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మిగతా ప్రపంచమంతా ఖాదర్ మామ జీపులోనే ఎక్కి దిగేది. పాలక్యాన్లు, కూరగాయల గంపలు, పెండ్లిబట్టలకు గద్వాల పోయే ఆడవాళ్లు, జ్వరం వచ్చిన పిల్లలు. పది మంది ఎక్కే జీపులో పదహారు మందిని ఎక్కించుకునేవాడు గానీ దాన్ని ఎద్దును తోలినట్టు నెమ్మదిగా తోలేవాడు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎదురుగా ఏ బండి వచ్చినా, అది లారీ కానీ సైకిల్ కానీ, పక్కన ఆపి కిటికీలోంచి తల బయట పెట్టి, "ముందర ఎట్లుంది?" అని అడిగేవాడు. ఎదుటి మనిషి, వాగు పొర్లుతోందనో, చింతల దగ్గర బర్రెలు పండుకున్నాయనో, మంచు మోకాలెత్తున ఉందనో చెప్పేవాడు. తరువాత తాను వచ్చిన దారి ఎట్లుందో మామ చెప్పేవాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లు, నీ ముచ్చట్లతోనే పొద్దుగూకుతుందని తిట్టేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు. దారి కళ్లకు కనబడేది కొంతే, మిగతాది ఎదురొచ్చేవాడి నోట్లో ఉంటదని చెప్పేవాడు. హైవే మీద నాకు భయం ఎక్కడ మొదలైందో ఇప్పుడు చెప్పగలను. అక్కడ అందరూ నేను పోయే దిక్కుకే పోతుంటారు. ముందర ఏముందో చూసి వచ్చిన మనిషి ఒక్కడూ ఎదురు రాడు.

చలికాలం వచ్చిందంటే మా రోడ్డు సగం కళ్లమయ్యేది. జూరాల కాల్వ కింద వరి కోతలు అయిపోగానే ఊరంతా వడ్లు తెచ్చి తారు మీద పోసేది. పొద్దున పది దాటితే తారు వేడెక్కుతుంది. మట్టి కళ్లంలో నాలుగు రోజులు పట్టే పని అక్కడ రెండు రోజుల్లో అయిపోతుంది. బండ్లకు సగం, వడ్లకు సగం అని ఎవరూ రాయని ఒప్పందం. బండ్లు ఎక్కకుండా వడ్ల అంచున వరసగా రాళ్లు పేర్చేవాళ్లు. మధ్యాహ్నం పూట మా అమ్మ, నేను చెప్పులు విడిచి ఆ వడ్లలో పాదాలు ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాళ్లం. కాళ్లతో చాళ్లు తీస్తే కింది వడ్లు పైకి వస్తాయి. అరికాళ్లకు కింద తారు వెచ్చగా, పైన వడ్లు గరుకుగా తగిలేవి. సాయంత్రానికి కాళ్లు ముల్లు గుచ్చుకున్నట్టు దురద పెట్టేవి. అమ్మ వేడినీళ్లలో ఉప్పు వేసి కడిగేది. పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన, నాయిన గొంగడి నుంచి వచ్చే గడ్డి వాసన, దీపం పురుగులు. నాయిన రొట్టె తిని, గొంగడి కప్పుకుని వడ్ల కుప్పకు కావలి పోయేవాడు.

రాళ్ల పెత్తనం మా అవ్వది, అంటే నాయిన తల్లిది. అవ్వ పొట్టిగా, గట్టిగా ఉండేది. మాట తక్కువ. రాళ్లు ఎక్కడ పెట్టాలో, ఏ రాయి ఏ మూలకో ఆమెకే తెలియాలి. కుప్ప మీద కప్పిన పట్టా ఎగిరిపోకుండా రెండు మూలలకు పెట్టేది మాత్రం ఎప్పుడూ ఒకే రాయి, దాని రెండు సగాలు. అది మా ఇంటి విసుర్రాయి పైభాగం. ఎన్నో ఏళ్లు జొన్నలు, కందులు విసిరి విసిరి ఒకరోజు నడిమికి పగిలిందట. పారేయడానికి మనసు రాక రెండు సగాలనూ దాచింది. గింజలు పోసే బొక్క నడిమికి చీలిపోయి, ఒక్కో సగానికి ఒక్కో అర్ధచంద్రం మిగిలింది. ఊళ్లో మా వడ్లు ఏవో తెలియాలంటే ఆ అర్ధచంద్రాలను చూస్తే చాలు. వడ్లు సంచులకు ఎత్తినాక రాళ్లన్నీ రోడ్డు మీది నుంచి తీసి పక్కన పెట్టడం పిల్లల పని. పెట్టింది మేమే కాబట్టి తీసేదీ మేమేనని అవ్వ చెప్పేది. "పెట్టిన చెయ్యే తియ్యాలె" అని ఒక్క మాట. రోజూ అదే మాట.

నాకు పదేళ్లు. ఆ సాయంత్రం వడ్ల సంచులన్నీ ట్రాక్టర్‌కు ఎక్కించారు. తమ్ముడిని సంచుల మీద కూర్చోబెట్టుకుని ఇంటిదాకా తీసుకుపోయారు. నన్ను మాత్రం రాళ్లు తీసి రమ్మన్నారు. నాకు ఒళ్లంతా మండిపోయింది. ఒక్కో రాయినీ విసిరేసినట్టుగా పక్కకు వేశాను. చివరికి విసుర్రాయి సగాలు మిగిలాయి. ఒకటి రెండు చేతులతో ఎత్తి కడుపుకు ఆనించుకుని తీసుకుపోయి పెట్టాను. చలికి రాయి మంచుగడ్డలా ఉంది. రెండో దాన్ని కాలితో తోశాను, కదల్లేదు. గడ్డి కొంచెం దాని మీద పడి ఉంది. పొద్దున తీస్తానులే అనుకున్నాను. ఇంటికి పోతే అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది. అన్నీ తీసినవా అని అడిగింది. అన్నీ తీసిన అని చెప్పాను. అట్ల అని రొట్టె తిన్నాను, రొట్టెలోకి వేరుశనగ పచ్చడి, బాగుందని రెండోసారి కూడా వేయించుకున్నాను. ఇంత చిన్న విషయం ఇంత స్పష్టంగా ఎందుకు గుర్తుందో నాకు తెలుసు.

మరునాడు పొద్దున మంచు మా గడప దాకా వచ్చింది. ఖాదర్ మామ మొదటి ట్రిప్పు పాలక్యాన్లతో, ఆరుగురు ఆడవాళ్లతో బయలుదేరింది. అంత పొద్దున ఎదురొచ్చిన వాళ్లు ఎవరూ లేరు. ఉండి ఉంటే చెప్పేవాళ్లు. జీపు ముందు చక్రం రాయి ఎక్కింది, స్టీరింగు చేతుల్లోంచి తిరిగిపోయింది, జీపు రోడ్డు దిగి కాల్వ పక్క పొలంలో పక్కకు ఒరిగింది. ఆడవాళ్లకు దెబ్బలు తగిలాయి, ప్రాణానికి ఏమీ కాలేదు. మామ ఎడమకాలు జీపు కింద పడింది. నేను పోయేసరికి మంచులో మనుషులు నీడల్లా తిరుగుతున్నారు, రోడ్డంతా పాలు. మామను మంచం మీద వేసుకుని పరుగెత్తుతున్నారు. అందరూ ఆయననే చూస్తున్నారు. నేను రోడ్డును చూస్తున్నాను. గడ్డి చెదిరిపోయి, అర్ధచంద్రం పైకి తేలి ఉంది.

ఆ కాలు అతికింది గానీ పొట్టిదైపోయింది, మోకాలు వంగలేదు. క్లచ్ తొక్కలేని మనిషి జీపు ఏం తోలుతాడు. జీపు అమ్మేసి, రోడ్డు పక్కన పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడు. రాయి ఎవరిదని ఊళ్లో పంచాయితీ జరగలేదు. మా ఇంట్లోనూ ఎవరూ నన్ను అడగలేదు. కానీ మా అవ్వ ఆ తరువాత మా వడ్లను రోడ్డు మీద పోయనివ్వలేదు. పేడ అలికిన కళ్లంలోనే ఎండబెట్టాలని పట్టుబట్టింది. ఆలస్యమవుతుంది, మబ్బు పడితే ఎట్లా అని నాయిన ఎంత గొణిగినా వినలేదు. ఇంకొకటి కూడా చేసింది. ఆ చలికాలమంతా పొద్దు గూకే వేళ నా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకుపోయేది. ఊరి చివరి కల్వర్టు దాకా నడిచేవాళ్లం. ఎవరో వడ్లు సంచులకు ఎత్తుకుని వదిలేసిన రాళ్లను ఒక్కొక్కటే తీసి పక్కన వేసేవాళ్లం. మనవి కావు గదా అంటే మాట్లాడేది కాదు. వయసు మీద పడి చాదస్తం పట్టిందని అమ్మ అనేది. నేనూ అదే అనుకున్నాను.

తరువాత వనపర్తిలో హాస్టలు, డిగ్రీ, పెళ్లి. నేను డిగ్రీలో ఉండగానే అవ్వ పోయింది. అమ్మానాయిన ఇప్పుడు వనపర్తిలో తమ్ముడి దగ్గర ఉంటున్నారు. ఊరికి పోవాల్సిన పని లేకుండా పోయింది, పని ఉన్నా హైవే మీదుగానే తిరిగాను. జనాలకు దగ్గర దారి అని చెప్పుకున్నాను. నిజానికి ఆ చిన్న రోడ్డు పక్కనే పంక్చర్ల కొట్టు ఉంది. పిల్లలు పుట్టినాక నాకు రోడ్డంటే భయం ఎక్కువైంది. బస్సులో ముందు సీటు వద్దంటాను, బండి తోలేటప్పుడు రోడ్డు మీద పడ్డ ప్రతి నీడా నాకు రాయిగానే కనబడుతుంది. అట్లాంటి నాకు గడ్డి ట్రాక్టర్ వెనక రెండు రాళ్లు కనబడినాక, తప్పించుకుని తిరగడానికి ఇంక బాట మిగల్లేదని అర్థమైంది. చిన్న రోడ్డు పట్టాలంటే ఖాదర్ మామను దాటాలి. ముందర ఎట్లుందో ఆయననే అడగాలి. అడిగే ముందు చెప్పాల్సింది ఒకటుంది. శనివారం గద్వాల వచ్చాం. ఆదివారం మధ్యాహ్నం పిల్లలిద్దరినీ తీసుకుని జూరాల దాటాను.

కొట్టు ముందు ఒక ట్రాక్టర్ ఆగి ఉంది. మామ నేల మీద కూర్చుని, వంగని కాలును ముందుకు చాపి, గాలి గొట్టంతో టైరులో గాలి చూస్తున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. తల ఎత్తి నన్ను చూశాడు, నేను పేరు చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు, చెప్పకు. కుర్మన్న బిడ్డవు. నడక మీ అవ్వదే." పిల్లలను, కారును చూశాడు. "హైవే ఎక్కినోల్లు మల్ల దిగరంటరు. నువ్వెట్ల దిగినవ్ బిడ్డా?"

గడ్డి ట్రాక్టర్ సంగతి చెప్పాను. వాసన వచ్చి ఆగానని చెబితే నవ్వాడు. "సదువులు సదివినా ముక్కు ఊరిదే ఉంది నీకు, అదే నయం" అన్నాడు. ఆయన భార్య చాంద్ అత్త లోపలి నుంచి పిల్లలకు బిస్కెట్లు, నాకు చాయ్ తెచ్చింది. మోటరుసైకిల్ మీద ఒక పాలాయన ఆగి, దిగకుండానే ముందర ఎట్లుంది అని అడిగి, చెప్పించుకుని, తాను చూసి వచ్చింది చెప్పి పోయాడు. జీపు పోయినా మామ పని పోలేదని అప్పుడు తెలిసింది. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఆయన దగ్గర ఆగి రోడ్డు సంగతి ఇచ్చి పుచ్చుకుంటారు.

బుజ్జి ట్రాక్టర్ వెనక చక్రం దగ్గర ఒక రాయి మీద కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. "మమ్మీ, ఈ రాయి చంద్రుని లెక్క సగమే ఉంది" అన్నాడు.

చక్రం దొర్లకుండా అడ్డం పెట్టిన రాయి అది. చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాను. అంచులు నూనె మరకలతో నల్లబడ్డాయి గానీ అర్ధచంద్రం అట్లాగే ఉంది.

"మామా, ఆ రాయి..."

"మీ అవ్వ ఇసుర్రాయి. తెల్వకేం" అన్నాడు. "దవాఖాన్ల నుంచి వచ్చినంక దీన్ని కాల్వల పారేద్దామని ఎత్తిన. ఎత్తినంక చూస్తే మంచి బరువుంది. పన్కొస్తది తియ్యి అనుకున్న. గప్పటి సంది దీంతోనే బండ్లు ఆపుతున్న."

ఇంట్లో నుంచి బయలుదేరేటప్పుడు మాటలు కూర్చుకున్నాను. అవేవీ రాలేదు.

"దాన్ని రోడ్డు మీద ఇడ్సింది నేను మామా. అవ్వ తియ్యమన్నది. నేను తియ్యలే. అన్నీ తీసిన అని ఇంట్ల అబద్ధం చెప్పిన."

ఆయన చేతిలో గొట్టం ఉంది. గాలి బుస్సుమని పోతూనే ఉంది, ఆయన మూయలేదు. "మీ అవ్వ గట్ల చెప్పలే" అన్నాడు.

తరువాత ఆయన చెప్పింది ఇది. కాలుకు కట్టు కట్టిన మూడో రోజు అవ్వ ఒక్కతే బస్సెక్కి గద్వాల దవాఖానకు పోయిందట. మంచం కాళ్ల దగ్గర నిలబడి, ఆ రాయి మాదే, తీయడం నేనే మరిచిన, కండ్లు సరిగా కనవడక ఇడ్సిపెట్టిన, నన్ను ఏమన్నా అను అని చెప్పిందట. ముసలి మనిషిని ఏమంటానని ఈయన మొహం గోడకు తిప్పుకున్నాడట. ఆమె సాయంత్రం బస్సు దాకా అక్కడే నేల మీద కూర్చుని పోయిందట.

"అంటే ముసల్ది నాతోని అబద్ధమాడిందన్న మాట" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. "నేనప్పుడు మస్తు కోపం మీదుంటి బిడ్డా. నీ పేరు గిట్ల ఇన్నుంటే ఏమంటుంటినో, ఏం చేస్తుంటినో నాకే తెల్వదు. ముసల్దానికి తెల్సింది."

క్షమించమని అడగాలని ఉంది. కానీ చాపి ఉన్న ఆ కాలును చూస్తూ ఆ మాట అడగడం నాకు చేతకాలేదు. ఇప్పుడు కోపం ఉందా మామా అని మాత్రం అడిగాను.

"ఉన్నదో లేదో పొద్దుగాల లేచినంక చూసుకోవాలె. చలికి కాలు గుంజినప్పుడు తెలుస్తది" అన్నాడు. గొట్టం పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "నువ్వొచ్చింది రోడ్డు అడగతానికి గదా. అడుగు."

"ముందర ఎట్లుంది మామా?" అని అడిగాను.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. జూరాల మీద మంచు ఎక్కువ, ఆనకట్ట మీద ఎట్టి పరిస్థితుల్లో ఏ బండినీ దాటొద్దు. ఆత్మకూరు దాటినాక చెరుకు బండ్లు ఉంటాయి, వాటికి వెనక దీపాలు ఉండవు. మదనాపురం ఇవతల కల్వర్టు దగ్గర వడ్లు సంచులకు ఎత్తుకున్నారు, రాళ్లు అట్లాగే వదిలేశారని ఇప్పుడే ఆ పాలాయన చెప్పాడు. ఎడమ దిక్కు. "ఏడు కాకముందు గద్వాల నుంచి కదలకు. మంచుల బండి తోలెటోడు మొగోడు గాదు, పిచ్చోడు. దొరికిన ప్రతోన్ని అడుగు. పైలం" అన్నాడు. తాను లేచి, బుజ్జిని లేపి, చక్రం కింది రాయిని ఇంకొంచెం లోపలికి తన్నాడు. ఆ రాయి ఇవ్వమని అడిగితే ఇవ్వనన్నాడు. నాకు పనికొస్తది అన్నాడు.

తిరిగి వస్తుంటే జూరాల నీళ్ల మీద పొద్దు గూకుతోంది. ఒక చలికాలమంతా ఆ వేళకు నా చెయ్యి పట్టుకుని నడిపించిన అవ్వ గరుకు చెయ్యి గుర్తొచ్చింది. ఆమెకు అంతా తెలుసు. మామకు చెప్పాల్సిన అబద్ధం తాను చెప్పింది, నేను చేయాల్సిన పని మాత్రం నాతోనే చేయించింది. నాకు చదువు ఉంది, కారు ఉంది, చేతిలో దారి చూపించే ఫోను ఉంది. నా పిల్లలు తప్పు చేస్తే నేను ఏం చేస్తున్నానో అప్పుడు ఆలోచించాను. గోడ మీద గీతలు గీస్తే పని మనిషి చూడకముందే నేనే తుడిచేస్తాను. హోంవర్కు చేయకపోతే జ్వరమని చీటీ రాసి పంపుతాను. అబద్ధం చెబుతున్నాను, పనీ నేనే చేసేస్తున్నాను. సగం అవ్వను మాత్రమే నేను నేర్చుకున్నాను.

మా ఆయనకు ఆ సాయంత్రం అంతా చెప్పాను. ఆయన కారు దగ్గరికి పోయి టైర్లలో గాలి చూసి, ముందు అద్దం లోపలా బయటా తుడిచి వచ్చాడు. ఏడింటికి బయలుదేరితే బడికి ఆలస్యమవుతుంది గదా అన్నాడు. అవుతుంది అన్నాను. చలికాలం పోయేదాకా ప్రతి సోమవారం అవుతుంది. చిన్న రోడ్డుకు ప్రమాదం లేదని నేను అనను. మలుపులు ఉన్నాయి, చెరుకు బండ్లు ఉన్నాయి, రాళ్లు ఉన్నాయి. కానీ అక్కడ నలభై మీద పోవచ్చు, ఎవరూ వెనక నుంచి తరమరు, అద్దం దించి అడిగితే జవాబు చెప్పే మనిషి ఎదురొస్తాడు. అంత చాలు నాకు.

ఇదంతా నాగర్‌కర్నూలులో, పిల్లలు పడుకున్నాక, సోమవారం రాత్రి రాస్తున్నాను. అరచేతులు గీసుకుపోయి కలం పట్టుకుంటే మంట పుడుతోంది. పొద్దున ఏడు దాటాకే గద్వాల నుంచి కదిలాం. జూరాల మీద లైట్లు వేసుకుని, ముందు పోతున్న బస్సు వెనకే నడిచినట్టు పోయాను. ఆత్మకూరు దాటినాక ముగ్గురిని అడిగాను, ముగ్గురూ ఆగి చెప్పారు. ఒకాయన మంచు కల్వర్టు దాకే ఉంది, తరువాత ఎండ కొట్టిందన్నాడు. మేము పోయేసరికి అక్కడా మంచు చెట్ల పైకి లేచిపోయింది. రోడ్డుకు ఎడమ దిక్కున రాళ్లు, నిజంగానే, వరస తప్పకుండా. మధ్యలో నాలుగు వడ్ల గింజలు కూడా లేవు.

కారును రోడ్డు దించి పొలం బాటలో చాలా లోపల ఆపాను. పిల్లలను గట్టు మీద కూర్చోబెట్టి, అక్కడి నుంచి కదలొద్దని, రెండు దిక్కులా చూసి బండి వస్తే అరవమని చెప్పాను. మైత్రి ఆత్మకూరు దిక్కు, బుజ్జి మదనాపురం దిక్కు. నేను రాళ్లు తీయడం మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి మైత్రి ఉండబట్టలేక, ఇవి మనవి కావు గదా మమ్మీ, ఎందుకు తీస్తున్నవ్ అని అడిగింది. నేను అవ్వను అడిగిన ప్రశ్నే. అవ్వ మాట్లాడకుండా నడిచింది. నేను ఆగి, వాళ్ల దగ్గరికి పోయి ఎదురుగా నిలబడ్డాను.

నిన్న బుజ్జి కూర్చున్న రాయి మనదేనని చెప్పాను. మైత్రి అంత ఉన్నప్పుడు దాన్ని తీయమంటే నేను తీయలేదని, తీశానని అబద్ధం చెప్పానని, ఖాదర్ తాత కాలు దానివల్లనే అట్లయిందని చెప్పాను. బుజ్జి నోరు తెరుచుకుని చూశాడు. మైత్రి నా చేతుల వంక చూసింది. తరువాత, తాతకు చెప్పినవా అని అడిగింది. నిన్న చెప్పిన అన్నాను. తాత ఏమన్నాడు అంది. ఇంకా ఆలోచిస్తుండు అన్నాను.

మిగిలిన రాళ్లన్నీ తీసి తంగేడు పొద మొదట్లో కుప్ప పెట్టి, చేతులు దులుపుకుని, వాళ్లను కారులో కూర్చోబెట్టాను. అప్పటికే బడిలో ప్రార్థన అయిపోయే వేళ దగ్గరపడింది. టీచర్ తిడుతదేమో, జ్వరమని చీటీ రాస్తవా మమ్మీ అని మైత్రి అడిగింది.

"రాయను. ఎందుకు లేటయిందని టీచర్ అడిగితే, రోడ్డు మీద రాళ్లు తీసినమని చెప్పుండ్రి. ఇంకోటి చెప్పకుండ్రి."